పక్క వరస సాంచలు

జైలు నుంచి తమ్ముడు వచ్చిన రోజు మా ఆయన గుమ్మంలో వాణ్ణి చూశాడు. "నీ తమ్ముడు వచ్చిండు, అన్నం పెట్టు" అని నాతో చెప్పి, చొక్కా తగిలించుకుని బయటికి నడిచాడు. లాక్‌డౌన్ రోజులు, పోవడానికి ఎక్కడా చోటు లేదు. వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

నీ తమ్ముడట. ఒకప్పుడు ఈయనే "ఏం బామ్మర్దీ, మీ అక్క కూర తిని ఇంక బతికే ఉన్నవా?" అని ఆటపట్టించేవాడు. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుంటే నా వంట పరువు దక్కేది కాదు. అప్పట్లో కసురుకునేదాన్ని. ఆ మాట మళ్లీ వినాలని ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు.

బతుకుదెరువుకు మేం వలస వచ్చిన పర్వత్ పాటియాలో మా గల్లీ మొదట్లో ఒక గ్యాంగ్ ఉండేది. జీతాల రోజు కార్మికుల దగ్గర హఫ్తా వసూలు చేసేది. మీసం మొలిచీ మొలవకముందే మావాడు అందులో చేరాడు. ఒకసారి మా ఆయన ఇవ్వనన్నందుకు వాళ్లు కొట్టారు. వీడు అక్కడే నిలబడి చూశాడు. తర్వాత ఇంకేదో కత్తుల గొడవలో లోపలికి పోయాడు. మా ఆయన దెబ్బలు మానాయి గానీ, వీడు చూస్తూ నిలబడటం ఆయన మరిచిపోలేదు. అందుకు ఆయన్నేం తప్పుపట్టను?

లాక్‌డౌన్ సడలాక మా ఆయన పనిచేసే బట్టల కార్ఖానాకే వెళ్లి, తమ్ముడికి పని ఇమ్మని శేఠ్‌ను అడిగాను. సొంతూళ్లకు పోయిన కార్మికులు తిరిగి రాలేదు, శేఠ్‌కు మనుషులు కావాలి. పైగా దూరం పాటించాలని మరమగ్గాలను, మా మాటలో సాంచలను, ఒక వరస ఆపి ఒక వరస నడిపిస్తున్నారు. పక్కన నిలబడే పని లేదు గనక తమ్ముణ్ణి చేర్చుకుంటే ఎవరూ నోరెత్తలేదు. మనిషికి మనిషి దూరమైపోయాడని లోకమంతా ఏడుస్తుంటే మావాడికి ఆ దూరమే అన్నం పెట్టింది. సాయంత్రం నూనె మరకలతో వాడు ఇంటికొస్తుంటే నాకు కడుపు నిండేది.

తర్వాత ఆంక్షలు తీసేశారు. అన్ని వరసలూ నడవాలి. తమ్ముడి పక్క వరసకు మాత్రం ఎవరూ రాలేదు. సాంచల దగ్గర ఒక పద్ధతి ఉంది. చాయ్‌కి వెళ్లేవాడు తన సాంచలను పక్కవాడికి అప్పజెప్పి పోతాడు. పోగు తెగితే ఆపి ముడివేసేది ఆ పక్కవాడే. జైలుకు పోయొచ్చినవాడికి ఎవరు అప్పజెప్తారు? శనివారం లోపు ఆ వరస నడవకపోతే తమ్ముణ్ణి తీసేస్తానన్నాడు శేఠ్.

మా ఆయన దగ్గర కూర్చున్నాను. "జర నువ్వన్న ఆ వరసల నిలబడరాదూ?"

"అన్నం పెడుతున్న, ఇంట్ల పండనిస్తున్న. నన్ను గొడ్తుంటె చూసినోని పక్కన నిలబడాల్నా ఇంక?"

లోపలి గదిలోంచి తమ్ముడన్నాడు. "బావనేం అనకక్కా. నేను కామ్‌రేజ్ దిక్కు పోత. ఆడ ఏదో పని దొరుకుతది."

కామ్‌రేజ్‌లో దొరికే పనేమిటో నాకు తెలుసు. వాడి పాత దోస్తులు ఇప్పుడు అక్కడే ఉంటున్నారు. శుక్రవారం రాత్రే వాడు బట్టలు సంచిలో కుక్కుకున్నాడు. శనివారం ఆఖరి రోజని మళ్లీ పనికి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తీసుకుని కార్ఖానాకు వెళ్లాను. గేటు దగ్గర మా ఆయన చాయ్ తాగుతున్నాడు. అటుగా వచ్చిన మేస్త్రి గొంతు పెంచి అడిగాడు. "నువ్వీడున్నవ్, మరి నీ సాంచలు ఎవలు చూస్తున్నరు?"

మా ఆయన నావైపు చూడలేదు. చాయ్ ఊదుకుంటూ, "మా బామ్మర్ది ఉన్నడు" అన్నాడు.

తలుపులోంచి తొంగిచూశాను. నిన్నటిదాకా ఆగివున్న వరస నడుస్తోంది. రెండు వరసల మధ్య తమ్ముడు వంగి, బావ సాంచా మీద తెగిన పోగు ముడివేస్తున్నాడు. డబ్బాలు కింద పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

బామ్మర్ది అన్న ఆ మాట ఇంట్లో కూడా వినాలని ఉండదా? ఆ రాత్రి ఇద్దరికీ పక్కపక్కనే కంచాలు పెట్టి, కూరలో కావాలనే ఉప్పు ఎక్కువ వేశాను. ఇద్దరూ తల వంచుకుని, చప్పుడు చేయకుండా తింటున్నారు. ఎవరో ఒకరు కూర బాగాలేదని అంటారేమోనని నేను గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.