ఎంగిలి పరీక్ష

నిన్న మధ్యాహ్నం మా ల్యాబుకు ఎవరో మూతబుట్టలో పిల్లిని తెచ్చారు. లోపలి నుంచి అది సన్నగా, ఆగకుండా గుర్రుమంటోంది. ఆ శబ్దానికి ఇంకో పిల్లి గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళ కిందట, కర్నూలు పక్కన కల్లూరులో, పశువైద్యురాలు సుభద్రమ్మ దగ్గర సహాయకురాలిగా ఉన్నప్పుడు, అలాగే గుర్రుమన్న ఒక పిల్లి నా చేతుల్లోనే ప్రాణం విడిచింది. రక్తం తీయడానికి నేను దాన్ని అదిమి పట్టుకున్నాను. రోగంతో ముందే చిక్కిన జీవం, భయానికి గుండె ఆగిపోయింది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. అసలే ఒకచోట కూర్చునే మనిషి కాదు. ఆ రోజు నుంచి మరీ నిలవలేకపోయింది. మందులు రాస్తూ రాస్తూ లేచిపోయి బెంగళూరులోని స్నేహితురాలికి ఫోన్ చేసేది. "సూది లేకుండా చూసే దావ ఏదన్నా ఉండాదేమో కనుక్కో" అని ఒకటే పోరు. చివరికి అక్కడి నుంచి పరీక్ష కిట్లు వచ్చాయి. పిల్లుల్లో ఎంగిలి ద్వారా పాకి రక్తాన్ని పాడుచేసే వైరస్ ఒకటి ఉంది. ఆ కిట్టుతో దాన్ని నోటి తడిలోనే చూడవచ్చు. రక్తపరీక్ష అంత నమ్మకం కాదని లోపలి కాగితంలో రాసే ఉంది. ఆమె చదివింది, నేనూ చదివాను.

మొదటి పరీక్ష ఖైరున్‌బీ పిల్లికి. ఆమె పాతూరి సందులో నాలుగు పిల్లులతో ఒంటరిగా ఉండే ముసలామె. చిక్కిపోతున్న రాణిని పైటలో చుట్టుకుని వచ్చింది.

"సూదేస్తారా అమ్మా? ఇది తట్టుకోదు."

"సూది లేదు ఖాలా. నీ ఒళ్ళోనే ఉండనీ" అంటూ డాక్టరమ్మ దూదిపుల్లతో రాణి చెంప లోపల ఒకసారి తుడిచింది. రాణి ఆవులించింది, అంతే. కిట్టు మీద జబ్బు గీత రాలేదు.

"జబ్బు లేదు. ఇంటికి తీసకపో" అంది డాక్టరమ్మ.

ఆ మాట అన్నదే గానీ ఆమెకు నెమ్మది లేదు. "లేదని ఎట్లా అంటినే?" అని రోజుకు నాలుగుసార్లు నన్నే అడిగేది. పదోరోజున ఆగలేక, నన్ను స్కూటరెక్కించుకుని ఆ ఇంటికి వెళ్ళింది. నాలుగు పిల్లులూ ఒకే పళ్ళెంలో పాలు తాగుతున్నాయి. రాణి చిగుళ్ళు సున్నంలా పాలిపోయి ఉన్నాయి. ఈసారి ఎవరూ అదమలేదు. ఖైరున్‌బీ ఒళ్ళోనే, నేను తల నిమురుతుంటే, డాక్టరమ్మ కాలి నరం నుంచి కొంచెం రక్తం తీసింది. అరుగు మీదే రక్తపరీక్ష కిట్టు పెట్టి చూశాం. గీత వచ్చింది.

తప్పు కిట్టుదని చెప్పి ఉంటే కాదనేవాళ్ళు లేరు. ఆమె ఖైరున్‌బీ ఎదురుగా నేలమీద కూర్చుంది.

"తప్పు నాది ఖాలా. కిట్టు చెప్పినదాని కన్నా ఎక్కువ నేను చెప్తిని. రాణికి జబ్బు ఉండాది. మిగతావాటికి తగిలిందో లేదో తెలీదు."

"పది దినాలు ఒకే పళ్ళెంలో పెడితినే" అని ముసలామె ఏడ్చింది. తర్వాత లేచి రాణిని లోపలి గదిలోకి తీసుకెళ్ళి వేరే గిన్నె పెట్టింది.

ఎండలు ముదరకముందే రాణి పోయింది. కొన్నాళ్ళకు మిగతావాటిని పరీక్షిస్తే ఒకదానికీ సోకినట్టు తేలింది. అది ఆ పది రోజుల్లో సోకిందో, అంతకుముందే సోకిందో ఎవరూ చెప్పలేరు. డాక్టరమ్మ మాత్రం ఆ పది రోజులనే తవ్వుకునేది. అయినా ఖైరున్‌బీ మా దగ్గరికే వచ్చేది. ఎందుకని నేను అడిగితే, "ఇంగ యాడికి పోవాల? ఈమె తన తప్పు కూడా చెప్తాది" అంది.

ఎంగిలి పరీక్షను డాక్టరమ్మ మానలేదు. కానీ చీటీ మీద "లేదు" అని మళ్ళీ రాయనివ్వలేదు. "ఈ పరీక్షలో కనబడలేదు" అని రాయించి, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి పంపేది. నేనూ ఇప్పుడు అలాగే రాస్తాను, నిన్నటి పిల్లికీ అలాగే రాశాను. రాసి పంపాక కుదురుగా కూర్చోలేను. సాయంత్రం లోపల పిల్లిని తెచ్చినవాళ్ళకు ఫోన్ చేసి అడుగుతాను: "ఏమన్నా తింటాందా?"