ఎండు వంజరంలో బంగారు కాసు

నేను చేసిన ఘనకార్యం వింటే, ఇకమీదట మీరు ఎండుచేపను తడిమి చూడకుండా పులుసులో వెయ్యరు.

మా మనవరాలు సరిగ్గా ఢిల్లీ నాయకుడి పుట్టినరోజున పుట్టింది. ఆ రోజు కాన్పయిన వాళ్ళందరికీ ఆయన అభిమానులు ఆసుపత్రిలో ఆయన బొమ్మ ఉన్న బంగారు కాసు పంచారు. బిడ్డకున్న బంగారమంతా అదే. "నువ్వే దాచు అత్తా" అని కోడలు నా చేతిలో పెట్టింది.

జువ్వలదిన్నెలో మా ఇంటి బీరువాకు తాళం పోయి ఏళ్ళయింది. దొంగ చెయ్యి పెట్టని చోటేదా అని ఆలోచించి, ఎండుచేపల కుండలో ఉన్న ఒక వంజరం కడుపులో ఉప్పు కూరి, మధ్యలో కాసును పడుకోబెట్టాను. బ్యాంకులవాళ్ళు నా దగ్గర పాఠం నేర్చుకోవాలనుకున్నాను.

వారం తర్వాత రేవు నుంచి వచ్చేసరికి కుండ ఖాళీ.

"చేపలేవి?" అన్నాను కోడలితో.

"మాయమ్మ బిడ్డను చూసి ఇప్పుడే పోయింది. ఇచ్చి పంపినా. ఉత్త చేతుల్తో పంపితే నువ్వే తిడతావు గదా."

ఆ మర్యాద నేర్పింది నేనే. పరుగున పోయి మా ఆయన మోపెడ్ వెనక ఎక్కాను.

"కావలి బస్టాండుకు పోనీ. కాసు చేపలో ఉండాది."

ఆయన బండి ఆపేశాడు. "మళ్ళీ చెప్పుమే."

"ముందు పోనీ. ఆమె ఊరు చేరితే పదిళ్ళకి పంచుద్ది."

బస్సు కదలబోతుంటే ఎక్కాను.

"వదినా, ఆ చేపలు ఒకసారి ఇటీయి."

వియ్యపురాలు సంచిని గుండెకు హత్తుకుంది. "పెట్టిన చేపలు ఎనక్కి అడగతా ఉండావా?"

"ఉప్పు సరిపోయిందో లేదో చూస్తా."

"అది చూసేదానికి కావలి దాకా వచ్చినావా?"

బస్సంతా మా వైపే తిరిగింది. "దిగుతావా, టికెట్ కొట్టేదా?" అన్నాడు కండక్టరు. నిజం చెప్పక తప్పలేదు.

ఆమె సంచి తెరిచి ఒక్కో చేపనూ విప్పింది. మొదటిది ఉప్పు. రెండోది ఉప్పు. ఐదోదీ ఉప్పే. ఆరోదాంట్లో వేళ్ళు పెట్టి ఆగింది. ముఖమంతా ఉప్పు పూసుకుని నాయకుడు బయటికొచ్చాడు.

కాసు నా అరచేతిలో పెట్టి వియ్యపురాలు అంది: "కాసుని చేపలో దాచినావు, సరే. బిడ్డని ఏ కుండలో పెట్టినావో పోయి చూసుకో వదినా."

మేం ఇల్లు చేరకముందే ఆమె ఫోను చేరింది. కోడలు కాసును మూడుసార్లు కుంకుడు రసంలో కడిగి బిడ్డ మెడలో కట్టింది. మూడు రోజులు వీధిలోని పిల్లులన్నీ ఉయ్యాల కిందే కాపురం పెట్టాయి.

గంగమ్మతల్లి సాక్షిగా చెబుతున్నాను: చేప కడుపులో ఉప్పు తప్ప ఇంకేదీ ఈ చేతులతో ఇక పెట్టను.