ఎలాడియా వీపు తాళం

అల్బసెతే ఊళ్లోని కత్తుల కార్ఖానాలో నలభై ఏళ్లు మడతకత్తులకు తాళాలు బిగించిన మనిషి ఎలాడియా. తెరిచిన కత్తి అలుగు మళ్లీ మడతపడకుండా పట్టి ఉంచే ఆ తాళాలన్నీ పిడి వీపున ఉండేవే. మరో రకం తాళమున్న దాన్ని ఆమె కత్తి కిందే జమకట్టేది కాదు. తెరిచినప్పుడు 'టక్'మన్న చప్పుడు వింటే చాలు, తాళం పడిందో లేదో కళ్లు మూసుకుని చెప్పేది. ఆదివారం భోజనాల దగ్గర ఆడపడుచు బసిలిసా తన కత్తి తెరిచి, పిడి మెడకు తాళంగా ఉన్న ఉంగరాన్ని తిప్పి బిగిస్తుంటే ఎలాడియాకు నవ్వొచ్చింది.

"ఆ ఉంగరం తిప్పడం మరిచావా, నీ వేళ్లు సాసేజీల్లో కలిసిపోతాయే! నాదైతే తెరవగానే దానంతటదే పడుతుంది."

"చెత్త ఇరుక్కుంటే పడదు వదినా. నాది పడిందో లేదో కంటికి కనిపిస్తుంది."

"నేను బిగించిన దాంట్లో చెత్తా? చూడు మరి!"

మాట్లాడుతూనే ఎలాడియా తన కత్తి తెరిచి, తాళం ఎంత గట్టిదో చూపడానికి ఎప్పుడూ చేసినట్టే నలుగురి ముందూ అలుగు వీపును బల్లకేసి కొట్టింది. కత్తి మడతపడి చూపుడువేలిని ఎముక దాకా కోసింది.

ఎలాడియా నోరు తెరిచి తాళం పడే గాడి వంకే చూస్తుండిపోయింది. మొన్న కోసిన పండ్ల పాకం పెసరగింజంత అందులో గట్టిపడి ఉంది. ఇందాక చప్పుడు వచ్చిందా? తను విననేలేదు. నలభై ఏళ్లలో మొదటిసారి.

బసిలిసా రుమాలు చుట్టి వేలిని గట్టిగా పట్టుకుంది. "ఆస్పత్రికి పద వదినా" అంది తప్ప, ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనలేదు. అప్పుడు పాలిపోయింది ఎలాడియా మొహం.

"నన్ను ఏదో ఒకటి అనవే," అంది, "భయమేస్తోంది."