చేప తిరగేశాకే మాట

నాకు రాయడం అలవాటు లేదు. అయినా మా పక్కింటి పెద్దమ్మ గురించి రాయాలనిపించింది.

జువ్వలదిన్నె ఒడ్డున మేమిద్దరం పక్కపక్కనే చేపలు ఎండబెట్టేవాళ్ళం. ఎవరేమడిగినా, ముందున్న చేపల వరస తిరగేశాకే ఆమె నోరు తెరిచేది. "ఉండమ్మే, ఒక పక్కే ఎండితే పురుగు పడుద్ది" అనేది.

పెద్దమ్మ భర్త పోలీసు జీపు డ్రైవరు. అడవిలో నక్సలైట్లు పెట్టిన మందుపాతర పేలి చనిపోయాడు. ఆ కేసులో శిక్ష పడినవాళ్ళలో మా పేటవాడు కూడా ఒకడు. శాంతి చర్చలు జరిగితే అలాంటి ఖైదీలను వదిలేస్తారేమోనని మొన్న ఎండాకాలంలో టీవీలో చెప్పారు. మరునాడే అతని తల్లి మా దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె పెద్దమ్మ ముందు నిలబడడం అదే మొదటిసారి.

"అక్కా, మా వోణ్ణి వదిలితే నువ్వు అడ్డం చెప్తావా?"

పెద్దమ్మ వరస మొత్తం తిరగేసింది.

"చెప్పను. వాళ్ళను వదిలితే తుపాకులు ఆగుతాయంటే వదలనీ. ఇంకో ఆడదానికి నా గతి పట్టకూడదు. కానీ వాడొచ్చినాక ముందు నా గుమ్మంలోకి రావాల. ఆ జీపులో మా ఆయన ఉన్నాడని నీకు తెలుసారా అని నేను వాణ్ణి అడగాల."

"నేనే చెయ్యి పట్టుకోని తీసుకొస్తానక్కా."

"చెయ్యి పట్టుకోడానికి వాడేమన్నా చంటిబిడ్డా?"

ఆ తల్లి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

తర్వాత నేను ఇందుకూరుపేటకి, అత్తగారింటికి వచ్చేశాను. చర్చలు ఇంకా తేలలేదు. వాళ్ళిద్దరూ మాత్రం ఒకే ఆటోలో కావలికి చేపలు తీసుకుపోతున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది.