జాతరనాటి ఒట్టు

మా ఆసుపత్రిలో స్వర్ణకుమారి సిస్టరంటే డాక్టర్లకి కూడా హడలే. చెరకు తోటలో పాము కరిచిందని ఎవరినైనా తెస్తే, వెంట వచ్చి ఏడ్చేవాళ్లని ఒక్క కేకతో బయటికి పంపి పనిలో దిగుతుంది. పక్కనే మందుల కౌంటర్లో కూర్చునే నా చెవులకి ఆ కేకలు అలవాటైపోయాయి.

అలాంటి మనిషి, కె. కోటపాడు నుంచి పేషెంటొస్తే మాత్రం మెత్తబడిపోతుంది. అక్కడ వానలు పడ్డాయా అని మొదలుపెట్టి, ఊరంతా తిప్పి, చివరికి "ధనరాజ్ గారింట్లో అందరూ బాగున్నారా?" అంటుంది. ధనరాజ్ ఆమె చెల్లెలు సుజి భర్త. తల్లి లేని సుజిని పెంచింది స్వర్ణకుమారే. ఆ పిల్ల హిందువుల అబ్బాయిని చేసుకుంటానంటే కోపంలో "నాకు చెల్లెలే లేదు" అనేసింది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లక ఏళ్లు గడిపేసింది. ఒక పేషెంటుని బతిమాలి సుజి నంబరు సంపాదించింది గానీ ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు.

ఈ మధ్య పాముకాటు వైద్యం మీద కాంగోలో జరిగే సదస్సుకి ఆమెని పిలిచారు. విశాఖ వెళ్లి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంది. మెడలో గొలుసు తీసి బీరువాలో పెట్టింది. అంతా అయ్యాక, సదస్సు తరఫున భద్రత చూసే మేడమ్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. స్వర్ణకుమారి ఫోన్లో మాటలు ఆసుపత్రంతా వినిపిస్తాయి.

"అక్కడ మనుషుల్ని ఎత్తుకుపోవడాలు ఉన్నాయి సిస్టర్. అలా జరిగితే మీరు బతికే ఉన్నారని తెలుసుకోడానికి ఒక ప్రశ్న ఇవ్వాలి. జవాబు మీకూ, మీవాళ్లలో ఒక్కరికీ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. అది లేకుండా పంపించం."

స్వర్ణకుమారి పెళ్లి చేసుకోలేదు. చాలాసేపు ఆలోచించి సుజి నంబరిచ్చింది. "సండే స్కూలని చెప్పి నూకాలమ్మ జాతరకెళ్లినప్పుడు, జెయింట్ వీల్ మీద ఏడ్చిందెవరు? అని అడగండి." జవాబు మాత్రం వరండాలోకి వెళ్లి గుసగుసగా చెప్పింది. (తర్వాత ఆ ప్రశ్న మార్చేశారు కాబట్టే ఇది రాస్తున్నాను.)

కాసేపటికి మేడమ్ మళ్లీ ఫోన్ చేసింది.

"మీ చెల్లెలు చెప్పనంటున్నారు. ఎవరికీ చెప్పనని అక్క తన మీదే ఒట్టేయించుకుందట. చెప్తే అక్కకేదైనా అయిపోతుందని భయపడుతున్నారు. ఇంకొకరి పేరివ్వండి."

"ఇంకెవరూ లేరు మేడమ్," అని స్వర్ణకుమారి నా స్టూల్ మీద కూలబడింది. తనే సుజి నంబరు నొక్కింది.

"సుజీ, నేనే."

సుజి పలికేలోపే మళ్లీ తనే అందుకుంది.

"ఆవిడకి సెప్పీయే. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేను."

"నిజంగా పెట్టేవా అక్కా? నీకేటీ అవదు కదా?"

"అవదే. నిన్ను సూడాలని ఎన్నిసార్లు కోటపాడు బస్సెక్కి దిగిపోయేనో నీకు తెలీదు. సెప్పు, జెయింట్ వీల్ మీద ఏడ్చిందెవరు?"

"అప్పుడేడ్చింది నువ్వేనక్కా," అంది సుజి. "ఇప్పుడూ నువ్వే."