మా సారు అడిగిన ఓవర్

జగిత్యాల కాలేజీలో నాకు బౌలింగ్ నేర్పిన పీడీ సారు పోయారు. కబురు నాకు మూడు గంటలు ఆలస్యంగా తెలిసింది. మ్యాచ్‌కు ముందే మా ఫోన్లన్నీ తీసి తాళం వేస్తారు. ఆట అయ్యాక చూస్తే సిరిసిల్ల నుంచి మేడం, అంటే సారు భార్య, చేసిన కాల్స్ పదకొండు.

నేను లీగ్ క్రికెట్‌లో చివరి ఓవర్లు వేస్తాను. జట్టు మునుగుతున్నప్పుడు పిలుస్తారు. ఇదే నా బతుకుతెరువు అవుతుందని కాలేజీ రోజుల్లో ఎవరన్నా చెబితే కొట్లాడేవాణ్ణి. కోరుట్లలో ఫైనల్ నాడు కొత్త బంతి నాకివ్వలేదని అలిగి, బూట్లు విప్పేసి బౌండరీ అవతల కూర్చున్నాను. అవతలి జట్టు మావాళ్లను చితక్కొడుతుంటే సారు వచ్చి పక్కన కూర్చున్నారు. వాళ్ల నాన్న సిరిసిల్లలో సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనిచేసిన మనిషి.

"పోగు తెగితే ఎవడు తెంపిండని అడుగుతరారా? దగ్గరున్నోడు లేసి అతుకు పెడ్తడు. బూట్లు తొడుక్కో," అన్నారు.

చివరి ఓవర్ నాకిచ్చారు, రెండు బంతులు బౌండరీ దాటడంతో ఆ మ్యాచ్ ఓడిపోయాం. బస్సులో సారు తన టిఫిన్ డబ్బా నా ఒళ్లో పెట్టి, "నాలుగు బాల్స్ నువ్వేసినవ్. రెండు నీ అలక ఏసింది," అన్నారు. ఆ రెండు బంతుల సంగతి ఇన్నేళ్లూ వదల్లేదు మహానుభావుడు. నేను పెద్ద జట్టుకు ఎంపికైన రోజు కూడా గుర్తుచేశారు. మ్యాచ్ తర్వాత ఫోన్ చేస్తే గెలుపోటములు అడగరు. "ఇయ్యాల ఎన్ని అతుకులు పెట్టినవ్?" అంటారు.

సారు పోయిన మధ్యాహ్నం ఒక్కటీ పెట్టలేదు. మావాళ్లు తేలిగ్గా గెలిచారు, నాకు బంతే రాలేదు. అక్కడ సారు ప్రాణం పోతుంటే నేనిక్కడ ఆవులిస్తూ కూర్చున్నాను. తలుచుకుంటే నా మీద నాకే రోత. ఫోన్ చేతిలో ఉన్నా ఆయన్ని ఆపగలిగేవాణ్ణి కాదు. ఒక్క మాట మాట్లాడేవాణ్ణి, అంతే.

మర్నాడు సిరిసిల్ల చేరేసరికి దహనం అయిపోయింది. మేడం గోడకు ఆనుకుని కూర్చున్నారు. ముస్తాబాద్ నుంచి వచ్చిన కూతురు పక్కనే ఉంది.

"ఆస్పత్రిల నేనొక్కదాన్నే ఉంటి కొడుకా. నువ్వు బౌలింగ్‌కు అచ్చినవా అని ఒక్కతీర్గ అడిగిండు. నువ్వేమో ఫోన్ ఎత్తకపోతివి. అచ్చిండు, మంచిగ ఏస్తుండు అని చెప్పిన. గప్పుడు కండ్లు మూసిండు." నా చెయ్యి పట్టుకుని అడిగారు, "మంచిగనే ఏసినవ్ గదా?"

"ఏసిన మేడం."

ఆమె కూతురి వైపు తిరిగి, "చూసినవా బిడ్డా, మీ నాయినకు నేను అబద్ధం చెప్పలె," అన్నారు.

కూతురు స్కోరు ఫోన్‌లో చూసే ఉంటుంది. నా వైపు ఒకసారి చూసి, "అవునమ్మా," అంది.