శనివారం వచ్చే ఫోను

అచ్యుతరావుగారు పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ అబద్ధం చెప్పి ఎరగరు. చెప్పడం చేతకాదు కూడా, పాపం. అలాంటి మనిషి ఆరు నెలలుగా ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి అమీర్‌పేటలో ఒక సెల్లార్లో కూర్చుని, తొమ్మిది మంది ఎదుట పుస్తకం విప్పి పట్టుకుని మరీ అబద్ధమాడుతున్నారు.

ఆ సెల్లారు ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటరుది. వారమంతా జావా, ఒరాకిల్ అంటూ పిల్లలు ఒకరి మోచెయ్యి ఇంకొకరి నోట్సు మీద పెట్టి రాసుకునే చోటు. ఆదివారం సాయంత్రం మాత్రం ఖాళీ. ఓనరుకి పుస్తకాల పిచ్చి ఉండబట్టి వారానికోసారి కూడి పుస్తకాలు చదువుకునే ఈ చదువరుల చేతికి తాళంచెవి ఇచ్చేశాడు. సెల్లారుకి కిటికీ అన్నది లేదు. పట్టపగలైనా ట్యూబులైట్లు వెయ్యాల్సిందే.

అక్కడొక పద్ధతుంది. ఎవరు ఏం చదువుతున్నారో ఆ పుస్తకం వెంట తెచ్చుకోవాలి. పేరు చెప్పి ఊరుకుంటే ఒప్పుకోరు. గుర్తు చీటీ పెట్టుకున్న చోట తెరిచి ఒక పేజీ పైకి చదవాలి. కామరాజుగారు పెట్టిన రూలు. రిటైరైన బ్యాంకు మేనేజరు కదా, సంతకం చూడనిదే చెక్కు వదలని బుద్ధి ఎక్కడికి పోతుంది! వెనక కొందరు అట్ట మాత్రం చూసొచ్చి గంటల కొద్దీ ఉపన్యాసాలు దంచారట.

ఇక శనివారం ఫోను. శనివారం పొద్దున పదింటికల్లా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "ఏం చదువుతున్నారండీ?" అని అడిగి జాబితా రాసుకోవాలి. ఎనిమిదేళ్లు ఆ పని చేసింది అచ్యుతరావుగారే. ఆరు నెలల కిందట "వేళ్లు నొప్పులండీ, రాయలేకపోతున్నా" అని నోట్‌బుక్ కామరాజుగారికి అప్పగించేశారు. వేళ్లకేం, నిక్షేపంగా ఉన్నాయి. పోయినవి కళ్లు.

నీటికాసులు అన్నాడు పంజగుట్టలో డాక్టరు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకుందాం అన్నాడు. ఉన్నదీ నిలబడలేదు. ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దిన కళ్లు, ఒత్తు ఎగిరిపోయినా దీర్ఘం తప్పినా ఇట్టే పట్టేసిన కళ్లు. ఇప్పుడు పేజీ విప్పితే పొగ పట్టిన వంటింటి గోడలా ఉంటుంది. అలవాటైన మెట్లు తడబడకుండా దిగగలిగేంత మసక చూపే మిగిలింది.

ఈ సంగతి భార్య దుర్గాంబకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ వంకాయలు తరుగుతూ, చారు పోపు వేస్తూ, చదవాల్సిన ఆ ఒక్క పేజీనే వారమంతా చదువుతుంది. ఆయన వెంట వల్లె వేస్తారు. ఆదివారం మధ్యాహ్నానికి కామా కూడా పోకుండా ఒప్పజెప్పగలరు.

"ఎన్నాళ్లండీ ఈ బళ్లో పిల్లాడి బతుకు? కనిపించట్లేదని చెప్పేస్తే ఉరి తీస్తారా ఏంటి?" అంది ఆవిడ ఒకరోజు విసిగిపోయి.

"ఉరి తియ్యరు. పిలవడం మానేస్తారు."

"మరీ అంత రాతి గుండెల వాళ్లా?"

"నేను మానెయ్యలేదూ?" అన్నారాయన. దుర్గాంబ కత్తిపీట దగ్గర చెయ్యి ఆపేసింది.

సూర్యనారాయణగారు రెండేళ్ల కిందటి దాకా ఆ సెల్లార్లో అందరికంటే ముందొచ్చి కూర్చునే మనిషి. ఇల్లు ఎర్రగడ్డ రైతుబజారు వెనక. చక్కెర జబ్బు ఆయన చూపు తినేసింది. మొదటి నెల అందరూ అయ్యో అయ్యో అంటూ మెట్ల దగ్గర చెయ్యి పట్టుకున్నారు. రెండో నెల ఆయన వంతు పేజీ ఎవరో ఒకరు గబగబా చదివి కానిచ్చారు. మూడో నెల ఒక శనివారం అచ్యుతరావుగారు ఆ పేరు దగ్గరికొచ్చి ఆగిపోయారు. కళ్లు కనపడని మనిషిని పట్టుకుని ఏం చదువుతున్నారని అడగడమెలా? పాపం, అంత దూరం నుంచి బస్సులో ఎందుకు శ్రమ? ఆ పేరు వదిలేసి కింద ఉన్నవారికి ఫోన్ చేశారు. అంతే. సూర్యనారాయణగారేరీ అని ఆ ఆదివారం ఒక్కరూ అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. మనిషిని తీసెయ్యడం ఎంత తేలికో చేసిన వాడికి తెలుసు కనకనే ఆయనకు భయం.

ఇలా ఆరు నెలలు గడిచాక ఒక ఆదివారం. అచ్యుతరావుగారి చేతిలో ఉన్నది గోదారిలో లాంచీ నడిపిన ఒక సరంగు రాసుకున్న జ్ఞాపకాలు. ఆయన ముందు వంతు మొగిలయ్యది. ఆర్టీసీలో కండక్టరు, పుస్తకాన్ని టికెట్ల సంచీలోనే పెట్టుకు తిరిగే మనిషి. తన పేజీ ముగించి "ఇగ మీరే సార్" అన్నాడు.

అచ్యుతరావుగారు వేళ్లతో చీటీ తడుముకుని పుస్తకం తెరిచారు. మందపాటి అద్దాల వెనక కళ్లు గట్టిగా మూసుకున్నారు. మూసుకుంటేనే మాటలు వరసగా వస్తాయి. "వరద నాడు గోదారి రంగు చూస్తే నాకు అన్నం సయించేది కాదు..." అని ఎత్తుకున్నారు.

నాలుగు వాక్యాలయ్యాయో లేదో ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. "అరె, కరెంటు పాయె" అని ఎవరో గొణిగారు. ఆ మాట ఆయన చెవిన పడింది. పడినా మనసు దాకా పోలేదు. తరువాతి వాక్యం నాలుక చివర ఉంది, ఆపారంటే దారం తెగుతుంది, తెగితే మళ్లీ అతకదు. పైగా కరెంటు పోతే చదవడం ఆపాలన్న సంగతి కంటితో చదివేవాళ్లకు కదా గుర్తుండేది! ఆయనకు దీపంతో పని తీరిపోయి ఆరు నెలలైంది. గొంతు గడగడా సాగిపోయింది. గదిలో చీమ చిటుక్కుమనలేదు. ఎంత శ్రద్ధగా వింటున్నారో అని మురిసిపోయారు కూడా, పిచ్చి మారాజు.

పేజీ అయింది. పుస్తకం మూసి "ఇదండీ" అన్నారు. ఎవరూ ఉలకలేదు, పలకలేదు.

"ఏంటండీ, బాగాలేదా?"

"బాగుంది సార్," అన్నాడు మొగిలయ్య, గొంతు బాగా తగ్గించి. "గని... కరెంటు పోయి శానసేపాయె. గీ చీకట్ల నా చెయ్యి నాకే కనవడ్తలేదు."

అచ్యుతరావుగారు గబుక్కున కళ్లు తెరిచారు. తెరిచినా ఒకటే. చేతిలో పుస్తకం కింద పడబోతే ఒడిలోకి అదుముకున్నారు. ఒక్కళ్లు గట్టిగా అడిగినా, ఇన్నాళ్లూ మోసం చేశారేంటని తిట్టినా బాగుండును. అడగలేదు. కామరాజుగారు దగ్గి, "జనరేటర్ మనిషి ఆదివారం రాడు కదండీ, ఇవాళ్టికి చాలిద్దాం" అన్నారు.

"జర మెల్లగ సార్, మెట్టున్నది" అంటూ మొగిలయ్య ఆయన్ని పైకి తీసుకొచ్చాడు. మోచేతి కింద, బరువు ఆననివ్వకుండా, మర్యాదగా పట్టుకున్నాడు. అచ్యుతరావుగారికి ఆ పట్టు తెలుసు. సూర్యనారాయణగారిని ఆఖరిసారి ఆ మెట్లు ఎక్కించినప్పుడు తను పట్టుకున్నదీ అచ్చం అలాగే.

వారమంతా ఆయనకు అన్నం దిగలేదు. దుర్గాంబ పేజీ చదవబోతే వద్దన్నారు. శనివారం తొమ్మిదింటికే స్నానం చేసి ఫోను పక్కన కుర్చీ వేసుకున్నారు. పదయింది. పదిన్నరయింది. ఫోను పనిచేస్తోందో లేదో అని రిసీవరు ఎత్తి చూశారు. డయల్ టోను బ్రహ్మాండంగా ఉంది. పదకొండున్నరకు మోగింది. ఎగిరిపడి అందుకున్నారు. క్రెడిట్ కార్డు కావాలా సార్ అని ఎవరో అమ్మాయి.

"కామరాజుగారికి మీరే చెయ్యకూడదూ?" అంది దుర్గాంబ, ఆయన మొహం చూడలేక.

"చేసి ఏమనను? నన్ను వదిలేశారా అని అడగనా?"

అంటూనే ఆగిపోయారు. ఆ మాట అడగకుండా ఎర్రగడ్డలో ఒకాయన ఎన్ని శనివారాలు కూర్చుని ఉంటారో అని మొట్టమొదటిసారి తోచింది. తోచగానే ఫోను దగ్గరికి లాక్కున్నారు. ఆ నంబరు కోసం కళ్లక్కర్లేదు, ఎన్నో ఏళ్లు నొక్కిన వేళ్లు. ఎవరూ ఎత్తకపోతే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే నొక్కారు.

"హలో, ఎవరండీ?" అదే గొంతు.

"నేనండీ. అచ్యుతరావుని."

అవతల ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది. పెట్టేస్తారనుకున్నారు. తిడితే పడదామనుకున్నారు. క్షమించమని అడగాలని నోరు తెరిస్తే అలవాటైన ఆ ఒక్క మాటే వచ్చింది.

"ఏం చదువుతున్నారండీ?"

సూర్యనారాయణగారు గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినబడింది. "రెండేళ్ల నుంచీ ప్రతి శనివారం ఒక పుస్తకం పేరు అనుకుని పెట్టుకుంటున్నానండీ, మీరు అడిగితే తడుముకోకుండా చెప్పాలని. ఈ వారానిది కూడా ఉంది. మా కోడలు రోజూ నాలుగు పేజీలు చదివి పెడుతోంది. రాసుకోండి."

"రాసుకోలేనండీ," అన్నారు అచ్యుతరావుగారు. "నాకూ కనిపించట్లేదు." దుర్గాంబకు కాక ఇంకొకరికి ఆ మాట చెప్పడం అదే మొదలు.



"అయితే గుర్తుపెట్టుకోండి," అని సూర్యనారాయణగారు పేరు చెప్పారు. అచ్యుతరావుగారు రిసీవరు చెవికి అదుముకుని, మర్చిపోతానేమోనన్న భయంతో, ఆ పేరు రెండుసార్లు పైకి వల్లె వేశారు.